సముద్రపు ఒడ్డుకు 8 వెయిట్ ఫ్లై సెట్: వాడి చూశాక నా మాట

ఎర బదులు ఫ్లై కట్టి చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్‌కి "ఏ రాడ్ (గాలపు కర్ర) కొనమంటారు?" అని అడిగేవాళ్లని నేను తిరిగి అడిగేది ఒకటే: "ఏ ఫ్లై వెయ్యబోతున్నారు?" చాలామందికి ఇది వింతగా ఉంటుంది. రాడ్ ఖరీదైన వస్తువు. ఫ్లై అంటే కొక్కేనికి కట్టిన నాలుగు ఈకలు, కాస్త వెంట్రుక. పెద్ద ఖర్చు ముందు చూసుకుని చిల్లర సామాను తర్వాత చూసుకోవడం అందరికీ అలవాటే. ఉప్పునీటి దగ్గర మాత్రం ఆ వరస పనిచెయ్యదు.

ఎందుకో చెబుతాను. మామూలు గాలంలో బరువు ఎరలోనో సీసపు గుండులోనో ఉంటుంది. విసిరితే ఆ బరువే సన్నటి దారాన్ని లాక్కుని పోతుంది. ఫ్లైకి అంత బరువు లేదు. మనం విసిరేది లైన్‌ని. లావుపాటి ఆ లైన్ గాల్లో చుట్టు విప్పుకుంటూ ముందుకు పోతే, దాని కొసన ఉన్న ఫ్లై కూడా పోతుంది. కాబట్టి ఫ్లై ఎంత పెద్దది, ఎంత నీళ్లు పీలుస్తుంది, దాని కళ్లు ఎంత బరువు అన్నదాన్ని బట్టి ఎంత బరువు లైన్ కావాలో తేలుతుంది. లైన్‌ని బట్టి రాడ్. రాడ్‌నీ చేపనీ బట్టి రీల్, అంటే లైన్ చుట్టుకునే చక్రం. రాడ్ మీద ఉండే 8, 9, 10 అంకెలు రాడ్ తూకం కాదు, అది విసరగల లైన్ తూకం. లైన్ మొదటి 30 అడుగుల్ని గ్రెయిన్లలో తూచి ఆ నంబర్ ఇస్తారు. 8 వెయిట్ అంటే 210 గ్రెయిన్లు, దాదాపు 13.6 గ్రాములు. 9కి 240, 10కి 280, 12కి 380. నంబర్ ఒక్కటి పెరిగినా రోజంతా విసిరే భుజానికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఈ మాటలు ఏ చేతి నుంచి వస్తున్నాయో కూడా తెలియాలి, ఎందుకంటే రాడ్ గురించి ఎవరు చెప్పినా తమ చేతికి సరిపడిందే చెబుతారు. నాకు పడవ లేదు. ఒడ్డు మీద నుంచి, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర మోకాటి లోతు నీళ్లలో నిలబడి వేస్తాను. గాలి లేని పూట అరుదు. నా అరచెయ్యి చిన్నది. కుడి భుజానికి పాత నొప్పి ఉంది. కుడిచేత్తో విసిరి ఎడంచేత్తో రీల్ తిప్పుతాను. నా ఫ్లైకి తగిలేవి ఎక్కువగా పండుగప్పలు, పారలు, చాలావరకు చిన్నవీ మధ్యరకంవీ. అప్పుడప్పుడు పెద్దది ఒకటి తగిలి లైన్ మొత్తం లాక్కుపోతుంది. పడవ మీద టార్పన్ లాంటి పెద్ద చేప కోసం వెళ్లేవాళ్లకి 11, 12 వెయిట్లు కావాలి. వాళ్లకి నేను చెప్పే రాడ్ చాలదు.

ఇక ఫ్లైల దగ్గర మొదలుపెడతాను. ఒడ్డు మీద వేసేవాళ్లు ముందు క్లౌజర్ మిన్నో, డిసీవర్ అనే రెండు నమూనాలు మంచివి సంపాదించుకోవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

క్లౌజర్‌ని బాబ్ క్లౌజర్ 1980ల్లో అమెరికాలోని సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం కట్టాడు. మంచినీటి కోసం పుట్టిన ఫ్లై ఇవాళ ఉప్పునీటి వేటగాళ్ల పెట్టెల్లో తప్పకుండా కనిపిస్తుంది. కిటుకంతా కళ్లలో ఉంది. డంబెల్ ఆకారంలో ఉండే సీసపు కళ్లని కొక్కెం కాడకి పైవైపున కడతారు. నీళ్లలో పడగానే ఆ బరువుకి కొక్కెం తిరగబడి, ముల్లు పైకి వస్తుంది. అందుకే అడుగున ఇసుకలో ఈడ్చినా, గడ్డిలో లాగినా త్వరగా తగులుకోదు. లైన్ లాగితే పైకి లేస్తుంది, ఆపితే ముక్కు కిందికి పెట్టి దిగుతుంది. పండుగప్ప నా ఫ్లైని ఎక్కువగా అందుకున్నది అది అలా దిగేటప్పుడే. లాగుతున్నప్పుడు వెంటపడి, ఆపగానే మింగుతుంది. అందుకని ఆపినప్పుడు కూడా లైన్‌లో వదులు రాకుండా వేలి కింద పట్టుకునే ఉండాలి.

కొనేటప్పుడు క్లౌజర్‌ని రెండు రకాలుగా పరీక్షించండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య కళ్లని పట్టుకుని తిప్పి చూడండి. కదిలితే పక్కన పెట్టెయ్యండి, ఒకటి రెండు చేపలకే అవి పక్కకి తిరిగి ఫ్లై గిరగిరా తిరగడం మొదలెడుతుంది. లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం, అంటే లీడర్, అంతా మెలిపడిపోతుంది. రెండోది, ఫ్లైని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. వెంట్రుకల మధ్య నుంచి అవతలి వెలుగు కనబడాలి. షాపుల్లో దొరికేవాటిలో చాలావాటికి జింకతోక వెంట్రుకలు దట్టంగా కుక్కి ఉంటాయి. చూడ్డానికి నిండుగా ఉంటాయి కానీ, నీళ్లలో త్వరగా దిగవు, గాల్లో బరువు. వెంట్రుకలు పలచగా ఉంటేనే నీళ్లలో చిన్న చేపలా కనబడుతుంది. రంగుల్లో తెలుపు మీద నిమ్మపచ్చ నా మొదటి ఎంపిక. బురదగా ఉన్న నీళ్లకి నలుపు లేదా ముదురు ఊదా. మోకాటి లోతుకి సీసపు కళ్లు ఎక్కువ, పూసల గొలుసు కళ్లు చాలు. అవి చప్పుడు కాకుండా దిగుతాయి, పల్చటి నీళ్లలో చేప బెదిరిపోదు.

ఆ పూసల గొలుసు కళ్లతోనే పేరు తెచ్చుకున్నది క్రేజీ చార్లీ. 1977లో బహామాస్‌లోని ఆండ్రోస్ దగ్గర బోన్‌ఫిష్ కోసం బాబ్ నౌహైమ్ కట్టిన ఫ్లై అది. గైడ్ చార్లీ స్మిత్ పేరు దానికి నిలిచింది. పల్చటి ఇసుక మేటల మీద తిరిగే చేపలకి అంతకన్నా సులువైన ఫ్లై లేదు. నేను వేసే చోట్ల దాని అవసరం తక్కువ, అందుకే ఎక్కువ చెప్పను.

డిసీవర్ సంగతి వేరు. లెఫ్టీ క్రే 1950ల చివర్లో కట్టాడు. 1991లో అమెరికా తపాలా శాఖ దీని బొమ్మతో 29 సెంట్ల స్టాంపు కూడా వేసింది. కోడి మెడ, వీపు ఈకలు పొడుగ్గా వెనక కొక్కెం వంపు దగ్గర కట్టి, ముందు జింకతోక వెంట్రుకల్ని పట్టీలాగా చుట్టూ కడతారు. ఆ పట్టీ కొక్కెం వంపుని దాటి వెనక్కి ఉండాలి. అదే ఈకల్ని పట్టి ఉంచుతుంది, విసిరేటప్పుడు అవి కొక్కేనికి చుట్టుకోకుండా ఆపుతుంది. పట్టీ కురచగా కట్టిన డిసీవర్లు షాపుల్లో చాలా చూశాను. అవి రెండోసారి విసరగానే చుట్టుకుంటాయి, మనకి తెలియదు, చేప మాత్రం దాని దగ్గరికి రాదు. సరిగ్గా కట్టిన డిసీవర్ నీళ్లలో పెద్దదిగా కనిపిస్తుంది, గాల్లోకి లేవగానే నీళ్లన్నీ వదిలేసి సన్నగా అయిపోతుంది. పెద్ద చేపని పోలిన ఫ్లైని 8 వెయిట్ లైన్‌తో విసరగలగడం ఈ గుణం వల్లే. నా దృష్టిలో ఉప్పునీటి ఫ్లైలలో దీనికి సాటి లేదు.

ఈకల బదులు సింథటిక్ పోగులతో కట్టినవి, ముఖ్యంగా ఎన్రికో పుగ్లిసీ తరహావి, నీళ్లు అసలు పీల్చవు. పళ్లున్న చేపలకి అవే మంచివి. వంజరం ఒక్కసారి కొరికితే ఈకల ఫ్లై బోసిపోతుంది, పోగుల ఫ్లై ఇంకొన్ని కాట్లకి నిలబడుతుంది.

కొక్కేలు రెండు రకాలు. ముస్టాడ్ 34007 లాంటి స్టెయిన్‌లెస్ స్టీలువి, గమకత్సు ఎస్‌సీ15 లాంటి తగరపు పూతవి. స్టెయిన్‌లెస్ తుప్పుకి బాగా తట్టుకుంటుంది, కానీ ముల్లుని ఆకురాయితో అప్పుడప్పుడు పదును పెట్టుకోవాలి. తగరపు పూతది పెట్టెలోంచి తీసినప్పుడే సూదిలా ఉంటుంది, కాడ సన్నం, తేలిగ్గా గుచ్చుకుంటుంది. తడిగా పెట్టేస్తే మాత్రం పూత గీరుకున్న చోట తుప్పు పడుతుంది. చిన్న ఫ్లైలకి నేను గమకత్సు వైపే. పదును చూడాలంటే ముల్లుని బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరపండి. జారితే పదును లేనట్టు, గోరుని పట్టుకుంటే ఉన్నట్టు. వాడిన ఫ్లైని ఎండకుండా తిరిగి పెట్టెలో పెట్టొద్దు, ఒక్కదాని తుప్పు పక్కనున్న తెల్ల వెంట్రుకలన్నింటికీ అంటుకుంటుంది. ముల్లు మీద ఉండే ఎదురుకొక్కేన్ని పటకారుతో నొక్కేసి వాడతాను. చేపని వదలడం తేలిక, గాలికి ఫ్లై మన చెవికి గుచ్చుకున్నా బయటికి తియ్యడం తేలిక.

ఇప్పుడు లైన్. రాడ్ మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి ఇక్కడ పెట్టమంటాను. వేడి నీళ్లకి చేసిన లైన్లని చల్లటి నీళ్లలో వాడితే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంటాయి. చల్లటి నీళ్లకి చేసినవి ఎండలో మెత్తబడి, రాడ్ పొడవునా లైన్ దూరే రింగులకి, అంటే గైడ్లకి, అంటుకుని జారవు. ఈ ఒక్క తేడా తెలియక, తప్పంతా రాడ్‌దే అనుకునేవాళ్లని చూశాను. ఎండలో వేసేవాళ్లు పెట్టె మీద ట్రాపికల్ అని ఉన్నదే తీసుకోండి. పెట్టె మీద గ్రెయిన్ల లెక్క కూడా చదవండి. ఇప్పుడొచ్చే ఉప్పునీటి లైన్లు చాలా వరకు ప్రామాణికం కన్నా సగం నంబరో, ఒక నంబరో బరువుగా ఉంటాయి. గట్టి రాడ్లు త్వరగా వంగాలని అలా చేస్తారు. రాడ్ మెత్తనిదైతే అలాంటి లైన్ వల్ల అది అలిసిపోయినట్టు ఊగుతుంది.

చాలా లైన్ల పైపూత పీవీసీ. ఎయిర్‌ఫ్లో పాలీయురేథేన్ వాడుతుంది. దోమల మందుల్లో ఉండే డీట్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది కనక, ఆ మందు చేతికి రాసుకుంటే కడుక్కునే లైన్ ముట్టుకోవాలి. మొగల దగ్గర సాయంత్రం దోమలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

తేలే లైన్ ఒకటి, సెకనుకి ఒకటి రెండు అంగుళాలు మెల్లగా మునిగే ఇంటర్మీడియట్ ఒకటి, ఈ రెండూ నా దగ్గర ఉన్నాయి. గాలి రేగి పైన చిరుకెరటాలు లేచినప్పుడు తేలే లైన్ వాటి మీద ఎగుడుదిగుడుగా పడి ఉంటుంది. చేప నోట్లో పెట్టుకుని ఉమ్మేసినా మన వేలికి తెలియదు. ఇంటర్మీడియట్ ఆ కెరటాల కిందికి దిగి తిన్నగా ఉంటుంది. ఒడ్డున నాకు అది తేలేదానికన్నా ఎక్కువ ఉపయోగపడింది, అయినా షాపులో ఎవరూ దాన్ని ముందు చూపించరు.

లీడర్ గురించి క్లుప్తంగా: 9 అడుగులు, కొసన 16 పౌండ్ల లాగుడు దాకా తెగని ఫ్లోరోకార్బన్ దారం. నీటి వక్రీభవన గుణకం 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది దానికన్నా ఎక్కువ. అందుకే ఫ్లోరోకార్బన్ నీళ్లలో కాస్త తక్కువగా కనిపిస్తుంది. నేను దాన్ని ఎంచుకునేది ఆ కారణానికన్నా ఒరిపిడికి తట్టుకుంటుందని. పండుగప్ప పెదవులు గరుకు, మొప్ప రెక్కల అంచులు చాకులు. వాటికి ఫ్లై ముందర ఒక జానెడు 40 పౌండ్ల ముక్క కడతాను. రికార్డుల మీద ఆశ ఉన్నవాళ్లు మాత్రం కొలత పాటించాలి: చేపల రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్‌ఏ నిబంధనల్లో ఆ లావు ముక్క, ముళ్లతో కలిపి, 12 అంగుళాలు దాటకూడదు, దాని వెనక సన్నది కనీసం 15 అంగుళాలు ఉండాలి. వంజరానికి తీగ తప్ప మార్గం లేదు. ఫ్లైని బిగించి కట్టకుండా లూప్ ముడి వెయ్యండి. లావు ముక్కకి బిగించి కడితే ఫ్లై కదలక పుల్లలా వస్తుంది.

రాడ్ దగ్గరికి వద్దాం. నేను వాడుతున్నది ఆర్విస్ క్లియర్‌వాటర్, 9 అడుగులు, 8 వెయిట్, నాలుగు ముక్కలది. కంపెనీ శ్రేణిలో ఇది పై మెట్టుది కాదు, 25 ఏళ్ల గ్యారంటీ ఉంది. నా తీర్పు: ఒడ్డు మీద వేసేవాళ్లకి ఇది చాలు. ఎందుకు చాలో చెప్పాలి.

నీళ్లలో నిలబడి వేసే దూరాలు 10 నుంచి 18 మీటర్ల మధ్య. చేప కనిపించాక ఒకటి రెండు ఊపుల్లో ఫ్లై వెళ్లిపోవాలి. అంటే తక్కువ లైన్ బయట ఉన్నా రాడ్ వంగాలి. కొన్నాళ్లు నేను ఒక పెద్ద పేరున్న కంపెనీ రాడ్ వాడాను, ఆ పేరు ఇక్కడ అనవసరం. చాలా గట్టిది, చాలా తేలిక. 25 మీటర్లకి విసిరితే గాలిని చీల్చుకుని పోయేది. 10 మీటర్ల దగ్గర చేప కనిపిస్తే మాత్రం ఆ రాడ్‌లో చలనమే ఉండదు, భుజంతో తోయాల్సి వచ్చేది. సాయంత్రానికి నొప్పి మెడ దాకా ఎక్కేది. క్లియర్‌వాటర్ దానికన్నా కాస్త మెత్తన. దూరంలో కొంచెం తక్కువ వస్తుంది, దగ్గర్లో మాత్రం మణికట్టు తిప్పితే ఫ్లై వెళుతుంది. ఎదురుగాలికి గట్టి రాడ్ కావాలన్న మాట సగమే నిజం. గాలిలోకి పోవాలంటే లైన్ చుట్టు సన్నగా ఉండాలి, లైన్ వేగంగా కదలాలి. ఆ వేగం ఎడంచేత్తో లైన్‌ని రెండు వైపులా గుంజే డబుల్ హాల్ నుంచి వస్తుంది. అది నేర్చుకోకుండా రాడ్ మార్చినందువల్ల ఏమీ రాదు.

షాపులో రాడ్‌ని పట్టుకుని గాల్లో ఊపి చూస్తే ఏమీ తెలియదు. లైన్ వేసి, 10 మీటర్లకి, 15 మీటర్లకి విసిరి చూడనిచ్చే షాపులోనే కొనండి. విసరనివ్వమంటే మొహం చిట్లించే చోట నేను కొనను.

పట్టు సంగతి చాలామంది రాయరు. ఉప్పునీటి రాడ్లకి ఫుల్ వెల్స్ పట్టు ఉంటుంది, రెండు చివర్లా ఉబ్బెత్తుగా, లావుగా. పెద్ద చేతులకి హాయి. నా చేతికి అది లావై, వేళ్లు చుట్టూ అందక, బొటనవేలి మొదట్లో కాయ కాసింది. సన్నటి గరుకు కాగితంతో కార్క్‌ని మధ్య భాగంలో కొద్దికొద్దిగా అరగదీసుకున్నాను. ఆ తర్వాత అదే రాడ్ వేరే రాడ్‌లా అనిపించింది. చిన్న చేతులవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, కొనేముందు పట్టు చుట్టూ వేళ్లు బిగించి చూసుకోండి. వేళ్ల కొసలు అరచేతికి తగిలేటట్టుండాలి.

ఇంకా చూసుకోవాల్సినవి: రీల్ బిగించే చోట చెక్క ఉండకూడదు, అనోడైజ్ చేసిన, అంటే తుప్పుకి తట్టుకునేలా పైపొర గట్టిపరిచిన అల్యూమినియం ఉండాలి. అడుగున పొట్టకి ఆనించుకునే ఫైటింగ్ బట్ ఉండాలి. గైడ్లలోంచి చిన్న దూది ఉండని లాగి చూడండి, సిరామిక్ రింగులో పగులుంటే దూది పోగు అక్కడ పట్టుకుంటుంది. ఆ పగులు కంటికి కనబడదు కానీ కొత్త లైన్‌ని గీరి పాడుచేస్తుంది. ముక్కలు కలిసే చోట కొవ్వొత్తి మైనం పల్చగా రుద్దితే విసిరేటప్పుడు వదులవ్వవు, ఇసుక కూడా ఇరుక్కోదు. సీసపు కళ్ల ఫ్లై విసిరేటప్పుడు రాడ్‌కి కొట్టుకుంటే అప్పటికి ఏమీ కనబడదు, కార్బన్ పొరలో దెబ్బ మిగిలిపోతుంది, తర్వాతెప్పుడో చిన్న చేపకే విరుగుతుంది. అందుకని క్లౌజర్ వేసేటప్పుడు ఊపు నెమ్మదిగా, చుట్టు వెడల్పుగా ఉండాలి. చేప కాళ్ల దగ్గరికొచ్చాక రాడ్‌ని నిలువుగా ఎత్తొద్దు, భారమంతా సన్నటి కొస మీద పడి విరుగుతుంది. కార్బన్‌లో కరెంటు ప్రవహిస్తుంది కనక ఉరుము వినబడితే రాడ్ కింద పెట్టి ఒడ్డు వదిలి రావాలి.

రీల్. మంచినీళ్లలో రీల్ లైన్ దాచుకునే డబ్బా మాత్రమే అనేవాళ్లు ఉన్నారు, అక్కడ అది చాలావరకు నిజం. ఉప్పునీళ్లలో కాస్త పెద్ద పార తగిలితే మొదటి పరుగులోనే లైన్ అయిపోయి, దాని వెనక చుట్టిన అదనపు దారం, అంటే బ్యాకింగ్, బయటపడుతుంది. అప్పుడు మనకీ చేపకీ మధ్య ఉన్నది రీల్‌లోని బ్రేకు, అంటే డ్రాగ్, ఒక్కటే.

డ్రాగ్ ఎంత బిగించగలదు అన్నది ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో వేస్తారు. నాకు దానితో పనిలేదు. 16 పౌండ్ల లీడర్‌కి డ్రాగ్‌ని పావు వంతుకి, అంటే సుమారు 4 పౌండ్లకి పెడతాను, కిలోల్లో 1.8. ఏ ఉప్పునీటి రీల్ అయినా అంత ఇస్తుంది. చూడాల్సింది కదలిక ఎలా మొదలవుతుందని. చాలాకాలం తెరవని సొరుగు లాగితే ముందు బిగుసుకుని, తర్వాత ఒక్కసారిగా వస్తుంది చూశారా, చెడ్డ డ్రాగ్ అలా ఉంటుంది. ఆ మొదటి బిగువులోనే లీడర్ తెగుతుంది. పరీక్ష సులువు: రీల్‌ని రాడ్‌కి బిగించి, లైన్‌ని గైడ్లలోంచి తెచ్చి, డ్రాగ్ పెట్టి, మరొకరిని లైన్ పట్టుకుని నెమ్మదిగా నడవమనండి. రాడ్ కొసని చూస్తూ ఉండండి. ఒక వంపు తిరిగి అలాగే నిలబడితే మంచి డ్రాగ్. కొస గుడగుడా ఊగుతుంటే ఆ రీల్ తీసుకోవద్దు.

ఇంకో సంగతి. చేప లైన్ లాక్కుపోతున్నకొద్దీ స్పూల్ మీద, అంటే రీల్‌లో లైన్ చుట్టుకునే భాగం మీద, చుట్ట సన్నబడుతుంది. బ్రేకు పట్టు మారకపోయినా, చుట్ట వ్యాసం సగమైతే లాగడానికి కావాల్సిన బలం రెట్టింపు అవుతుంది. దానికి నీళ్లలో పరుచుకున్న లైన్ బరువు కూడా తోడు. అందుకే పెద్ద ఆర్బర్ ఉన్న రీల్ కొనమంటారు: ఆర్బర్, అంటే స్పూల్ మధ్య భాగం, లావుగా ఉంటే చుట్ట వ్యాసం అంతగా పడిపోదు, ఒక తిప్పుకి ఎక్కువ లైన్ కూడా వస్తుంది. చేప పరిగెత్తుతుంటే డ్రాగ్ ఇంకా బిగించాలని చెయ్యి లాగుతుంది. బిగించకండి, వీలైతే కాస్త వదలండి.

నేను పక్కపక్కన వాడి చూసిన రీళ్లు రెండు. ఒకటి లామ్సన్ లిక్విడ్, సీల్ చేసిన శంకువు ఆకారపు డ్రాగ్. రెండోది టిబోర్ ఎవర్‌గ్లేడ్స్, కార్క్ డ్రాగ్. టిబోర్‌ని నిలబెట్టిన టెడ్ జురాచిక్ అంతకుముందు బిల్లీ పేట్ రీళ్లు చేసినవాడు. ఆ కార్క్ డ్రాగ్‌లో ఒక పెద్ద కార్క్ పళ్లెం స్పూల్‌కి ఆనుకుని రాపిడి ఇస్తుంది. అంతా కంటికి కనబడుతుంది, విప్పి తుడుచుకోవచ్చు. కదలిక మొదలయ్యేటప్పుడు దాని మెత్తదనం చేతికి తెలుస్తుంది, అంత నునుపైన డ్రాగ్ ఇంకోటి నా చేతికి రాలేదు. కాకపోతే దానికి మనిషి శ్రద్ధ కావాలి. కార్క్‌కి అప్పుడప్పుడు లూబ్రికెంట్ రాయాలి. కడిగే ముందు డ్రాగ్ బిగించాలి, లేకపోతే నీళ్లు కార్క్‌కీ స్పూల్‌కీ మధ్యకి పోతాయి. ఆరాక వదులు చెయ్యాలి, లేకపోతే కార్క్ నొక్కుకుపోతుంది. లామ్సన్ అలాంటి సేవలేమీ అడగదు. లోపలికి నీళ్లు, ఇసుక పోకుండా మూసి ఉంటుంది. కెరటం మీద పడి నడుం దాకా తడిసి, రీల్ ఇసుకలో మునిగిన రోజున నేను నిశ్చింతగా ఉన్నది దానితోనే. పడవ మీద ఉండి, సామాను మీద ప్రేమ ఉన్నవాళ్లకి టిబోర్. ఒడ్డున ఇసుకలో తిరుగుతూ, అలిసిపోయి ఇంటికొచ్చి కడగడానికి బద్ధకించేవాళ్లకి సీల్ చేసినది. నేను ఒడ్డున ఉంటాను కనక నా ఓటు సీల్డ్‌కే.

సీల్ ఉందంటే ఉప్పు ఏమీ చెయ్యదని కాదు. పేరు చెప్పని ఇంకో రీల్‌లో డ్రాగ్ భేషుగ్గా ఉంది, హ్యాండిల్ దగ్గర స్టెయిన్‌లెస్ స్క్రూ చుట్టూ తెల్లటి పొడి రావడం మొదలైంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీళ్లలో తాకి ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది, ఆ పొడి దాని ఆనవాలు. పైన నల్లటి అనోడైజ్ నిగనిగలాడుతూనే ఉంది, స్క్రూ తిప్పితే మర సహా ఊడొచ్చింది. కొనేటప్పుడు స్క్రూలు తక్కువ ఉన్న రీల్ వైపు మొగ్గండి. కడిగేటప్పుడు మంచినీళ్లు మెల్లగా పొయ్యండి, పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. రాడ్ నుంచి రీల్ విప్పి, రీల్ కాలు ఆనే గాడి కూడా కడగాలి. ఉప్పు గింజకట్టేది అక్కడే.

బ్యాకింగ్ 20 పౌండ్ల డాక్రాన్ దారం, 150 నుంచి 200 గజాలు. జెల్‌స్పన్ అనే ఇంకో దారం సన్నం, ఎక్కువ పడుతుంది, కానీ చుట్టేటప్పుడు గుడ్డతో పట్టుకుని బిగించి చుట్టకపోతే చేప లాగినప్పుడు పొరల్లోకి దిగబడి ఇరుక్కుంటుంది, వేలు అడ్డం పెడితే కోస్తుంది. 8 వెయిట్‌కి డాక్రాన్ చాలు.

డబ్బు పరిమితమైతే నేను ఖర్చు పెట్టే వరస ఇది: మంచి లైన్, సీల్డ్ డ్రాగ్ ఉన్న మధ్యరకం రీల్, మంచి కొక్కేల మీద కట్టిన ఫ్లైలు, మిగిలినదాంతో రాడ్. ఆ మిగిలినదాంట్లో కూడా ఇప్పుడు చక్కటి రాడ్ వస్తుంది. 9 వెయిట్ కొనాలా అని సందేహపడేవాళ్లకి: మీ ఫ్లైలు అరచేతికన్నా పొడుగైతే, గాలి ఎప్పుడూ ఎదురే అయితే 9 తీసుకోండి. లేకపోతే 8. రీల్‌కి మాత్రం రెండో స్పూల్ విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడిగి, వీలైతే అప్పుడే తీసుకోండి. మోడల్ మారిపోతే పాతదాని స్పూళ్లు దొరకవు, ఇంటర్మీడియట్ లైన్ చుట్టుకోవడానికి అది కావాలి.